టర్బో ట్రాక్టరులో గాలి లీకు: టర్బో మార్చే ముందు చూడాల్సినవి

రోటవేటరు వేసినప్పుడు ట్రాక్టరు మునుపటిలా లాగక గేరు తగ్గించాల్సి వస్తోందా? లోడు పడగానే నల్లటి పొగ కక్కుతూ డీజిల్ ఎక్కువ తాగుతోందా? ఇలాంటప్పుడు చాలామంది రైతులు టర్బో పోయిందనో, నాజిళ్లు, పంపు విప్పించాలనో వెంటనే నిర్ణయానికి వస్తారు. పనుల రోజుల్లో బండి షెడ్డులో ఉండిపోతుంది, ఖర్చు వేలల్లో అవుతుంది. కానీ వదులైన ఒక క్లిప్పు, పగిలిన ఒక రబ్బరు పైపు కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. ముందు వాటిని చూసుకోండి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

టర్బోకు ముందు, టర్బో తర్వాత

లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే పది వేల లీటర్లకు పైగా గాలి కావాలి. అంత గాలిని ఇంజనులోకి నెట్టేదే టర్బో. పొగ వేగంతో దాని ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం గాలిని ఒత్తి పంపుతుంది. లోడు మీద ఇది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది.

ఎయిర్ క్లీనర్ నుంచి టర్బో వరకు ఉన్న పైపులో పీల్పు ఉంటుంది. టర్బో నుంచి ఇంజను వరకు ఉన్న పైపులో, మధ్యలో ఇంటర్‌కూలర్ ఉంటే అందులో కూడా, ఒత్తిడి ఉంటుంది. అందుకే రెండు చోట్ల లీకులు ఒకేలా ఉండవు. టర్బో తర్వాత లీకైతే గాలి బయటికి పోతుంది. ట్రాక్టరు లాగదు, నల్ల పొగ వస్తుంది, లోడు మీద బుస్సుమనే శబ్దమో ఈలో వినిపిస్తుంది. టర్బోకు ముందు లీకైతే ఫిల్టరుతో పని లేకుండా దుమ్ము లోపలికి పోతుంది. ఇక్కడ శబ్దం ఉండదు, పొగ ఉండదు, మొదట్లో లాగుడూ తగ్గదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం. ఎండు దుక్కిలో లేచే మట్టి టర్బో రెక్కల అంచులను, ఆ తర్వాత పిస్టన్ రింగులను, లైనర్లను అరగదీస్తుంది. బయటికి తెలిసేసరికి ఇంజను పని చేయించాల్సిన స్థితి వస్తుంది.

టర్బోకు ముందు దారిని చూడటం

ఇంజను ఆపి చల్లారనివ్వండి. ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకు వెళ్లే పైపును టర్బో దగ్గర విప్పి, లోపలి గోడను తెల్లటి పొడి గుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటితే ఆ పైన ఎక్కడో లీకు ఉన్నట్టే. మట్టి చార ఎక్కడ మొదలైందో చూస్తే లీకు చోటు చాలావరకు దొరుకుతుంది. పైపు మడతల అడుగున వచ్చే బీటలు పైకి కనిపించవు, పైపును వంచి చూడాలి. క్లిప్పు బిగుతుగా ఉన్నా పైపు అంచు మీద అడ్డంగా కూర్చుని ఉండొచ్చు. ఎయిర్ క్లీనర్ మూత సీలు, ఫిల్టరు అంచు రబ్బరు కూడా చూడండి. ఫిల్టరును నేలకు కొట్టి దులిపితే ఆ అంచు సొట్టపోతుంది. దుమ్ము అక్కడి నుంచే దూరుతుంది. లోపలి చిన్న ఫిల్టరు తీసేసి నడపడం మన దగ్గర మామూలైపోయింది. అది మానాలి.

ఫిల్టరు మూసుకుపోతే ఎరుపు చూపే ఇండికేటరు లీకును పట్టుకోలేదు. ఫిల్టరు చిరిగినా, పైపు ఊడినా అది పచ్చగానే ఉంటుంది. ఎంత దుమ్ములో నడిపినా ఎప్పుడూ ఎరుపు చూపకపోతే సంతోషించకండి, అనుమానించండి.

పైపులన్నీ బిగించాక ఇంకో పరీక్ష చేయవచ్చు. ఇంజనును తక్కువ వేగంలో ఉంచి, ఎయిర్ క్లీనర్ గాలి పీల్చే మూతిని చదునైన చెక్కతో క్షణకాలం మూయండి. దారి గట్టిగా ఉంటే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా నడుస్తుంటే గాలి ఇంకోచోట నుంచి వస్తోందని అర్థం. పైపు లోపలికి నొక్కుకుపోతున్నట్టు కనిపిస్తే చెక్క తీసేయండి. చేయి అడ్డం పెట్టవద్దు. పైపు విప్పి ఉండగా ఇంజను అసలు స్టార్ట్ చేయవద్దు.

టర్బో తర్వాత దారిని చూడటం

ఇక్కడ చాలామంది మెకానిక్కులు కూడా ఒక సంగతి మరచిపోతారు. ఊరికే నిలబెట్టి నడిపితే టర్బో ఒత్తిడి పెద్దగా రాదు. నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి, సబ్బు నీళ్లు పోసి, బుడగలు లేవు కాబట్టి లీకు లేదని చెప్పడం సరికాదు. ముందు కంటితో చూడండి. పైపు కీలు దగ్గర నూనె జిడ్డుకు దుమ్ము పట్టి నల్లగా తడిగా ఉంటే అక్కడి నుంచి గాలి పోతోంది. ఇంటర్‌కూలర్ చివర కీళ్లు, మానిఫోల్డ్ గాస్కెట్టు కూడా చూడండి.

కంటికి దొరకకపోతే బయటి గాలి పెట్టి చూడాలి. ఇది మెకానిక్కు చేత చేయించండి. టర్బో గాలి మూతికి వాల్వు ఉన్న బిగుతైన బిరడా పెట్టి, రెగ్యులేటరు ఉన్న కంప్రెసరుతో 10 పీఎస్ఐ దాటకుండా గాలి ఎక్కించి, కీళ్ల మీద సబ్బు నీళ్లు పోయాలి. ఇంజను నూనె పోసే మూత తీసి ఉంచాలి. ఇంజను గుండా కొంత గాలి సైలెన్సరులోకి పోవడం మామూలే, చూడాల్సింది బుడగలు. పంచరు షాపు గాలిని నేరుగా పెడితే బిరడా తూటాలా ఎగిరి వస్తుంది, ఎదురుగా నిలబడవద్దు. లీకు వెతకడానికి పెట్రోలు, స్ప్రేలు కొట్టే పద్ధతి డీజిల్ ఇంజనుకు అసలు పనికిరాదు. లోపలికి పోయిన ఆవిరితో ఇంజను అదుపు తప్పి పరుగు తీయవచ్చు.

టర్బోకు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు మధ్య మసి చారలు కనిపిస్తే పొగ అక్కడే లీకవుతోంది. దాని వల్లా టర్బో మందగిస్తుంది.

2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత తయారైన వాటిలో సెన్సర్లు, కంప్యూటరు ఉంటాయి, గాలి ఒత్తిడి తగ్గితే డీజిల్ తగ్గించి లైటు వెలిగించవచ్చు. ఆ లైటు వచ్చిందని సెన్సరే మార్చమనవద్దు, ముందు పైపులు చూడమనండి. వారంటీలో ఉంటే మీరు విప్పకుండా డీలరుకు చెప్పండి.

లీకు దొరికాక

సైకిల్ ట్యూబు చుట్టడం, ఎం-సీల్ పూయడం ఆ పూట గడవడానికే. టర్బో తర్వాత పైపులో వేడి, నూనె ఆవిరి రెండూ ఉంటాయి, మామూలు నీళ్ల పైపు మెత్తబడి ఉబ్బిపోతుంది. దానికి తగిన పైపు, క్లిప్పులు కొనడమే చౌక.

టర్బోకు ముందు లీకు దొరికితే టర్బో రెక్కలు కూడా చూడండి. చల్లారాక వేలితో తిప్పితే చక్రం సులువుగా తిరగాలి. పక్కలకు కొంచెం కదలడం మామూలే, కానీ గోడకు తగలకూడదు. లోపలికి బయటికి కదులుతున్నట్టు వేలికి తెలిసినా, రెక్కల అంచులు అరిగి గుండ్రబడినా టర్బోను మెకానిక్కుకు చూపించండి. అప్పటిదాకా లోడు పెట్టకండి. ఇంజను నూనె, దాని ఫిల్టరు వెంటనే మార్పించండి. తర్వాత నూనె తగ్గుతూ, బ్రీదరు గొట్టం నుంచి పొగ వస్తుంటే దుమ్ము రింగుల దాకా వెళ్లి ఉండొచ్చు.

పాత ట్రాక్టరు కొనేటప్పుడు కూడా ఈ తెల్ల గుడ్డ పరీక్ష చేసి చూసి బేరం మాట్లాడండి.