బ్యాచ్ స్క్రిప్టులు: ఫైల్ పాత్‌లలో ఖాళీలు

వరుసగా అమలు కావలసిన ఆదేశాలను రాసిపెట్టుకున్న టెక్స్ట్ ఫైలును బ్యాచ్ స్క్రిప్టు అంటారు. 1981 నాటి ఎంఎస్-డాస్‌లో వీటిని చదివి నడిపే కమాండ్ ఇంటర్‌ప్రెటర్, ఆదేశం పేరు ఎక్కడ ముగిసిందో, దానికిచ్చిన ఆర్గ్యుమెంట్లు, అంటే ఫైలు పేర్ల వంటి వివరాలు, ఎక్కడ విడిపోతున్నాయో ప్రధానంగా ఖాళీని బట్టే పోల్చుకునేది. అంతకుముందటి ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎం ఒరవడిలో పేరుకు 8, ఎక్స్‌టెన్షన్‌కు 3 అక్షరాలే దక్కిన ఆ రోజుల్లో, డిస్కు పట్టికలో మిగిలిన స్థానాలను పూరించడానికే ఖాళీని వాడేవారు కనుక, అది పేరు మధ్యకు రావడం అరుదు.

1993లో విండోస్ ఎన్‌టీ 3.1, 1995లో విండోస్ 95 పొడవాటి పేర్లకు దారి తెరవడంతో ఈ అమరిక చెదిరింది. విండోస్ 95 తన ప్రోగ్రాములు ఉండే ఫోల్డరుకే ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అని పేరు పెట్టడం వల్ల సమస్య ప్రతి కంప్యూటర్లోనూ తిష్ఠ వేసింది. విండోస్ 2000 నాటి ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ విస్టాలో ‘యూజర్స్’ అనే ఒక్క మాటకు కుదించుకుపోయినా, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ మాత్రం అలాగే నిలిచింది. పాత ప్రోగ్రాముల కోసం వ్యవస్థ కల్పించిన ‘ప్రోగ్రా~1’ వంటి పొట్టి పేర్లను స్క్రిప్టు రచయితలు అడ్డదారిగా వాడుకున్నారు గాని, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ ఉన్న డిస్కుల్లో ఆ సదుపాయాన్ని ఆపివేయవచ్చు కనుక అది నమ్మదగినది కాదు.

‘డెల్ సి:\పాత లెక్కలు’ అని రాస్తే, చెరిపివేయవలసినవి ‘సి:\పాత’, ‘లెక్కలు’ అనే రెండని యంత్రం గ్రహిస్తుంది. పాత్ (ఫైలు ఉన్న చోటును తెలిపే చిరునామా) మొత్తాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచడమే దీనికి సరైన విరుగుడు. అయితే స్క్రిప్టుకు కొటేషన్లతో అందిన పాత్, మొదటి ఆర్గ్యుమెంటును సూచించే %1లో ఆ గుర్తులతో సహా నిలుస్తుంది కనుక, దాని చుట్టూ మళ్లీ కొటేషన్లు పెడితే గుర్తులు రెట్టింపై ఖాళీ తిరిగి బయటపడుతుంది. అందుకే ఎన్‌టీ కుటుంబపు ఇంటర్‌ప్రెటర్‌లో, చుట్టూ ఉన్న గుర్తులను ఒలిచి ఇచ్చే %~1 రూపం ఏర్పడింది. ‘స్టార్ట్’ ఆదేశం కొటేషన్లలో ఉన్న తొలి ఆర్గ్యుమెంటును విండో శీర్షికగా తీసుకుంటుంది కాబట్టి, పాత్‌కు ముందు "" అనే ఉత్త జంట పెట్టడం ఆనవాయితీ అయింది.

సమస్య ఇంటర్‌ప్రెటర్‌తోనే ఆగదు: విండోస్ ఆదేశ పంక్తిని ఒకే అక్షరాల వరుసగా ప్రోగ్రాముకు అప్పగిస్తుంది, విడగొట్టుకోవడం ఆ ప్రోగ్రాము బాధ్యత. సీ భాష లైబ్రరీ నియమాలను పాటించే ప్రోగ్రాములు \" అనే జంటను పేరులోని కొటేషన్ గుర్తుగా చదువుతాయి కనుక, "డి:\పాత లెక్కలు\" అని ముగిసిన పాత్ తరువాతి ఆర్గ్యుమెంటును కూడా తనలో కలుపుకుంటుంది. కొటేషన్లు లేని ‘సి:\ప్రోగ్రామ్ ఫైల్స్’ పాత్‌తో ప్రోగ్రామును ప్రారంభించమంటే, విండోస్ ముందుగా ‘సి:\ప్రోగ్రామ్’ పేరిట అమలు చేయదగిన ఫైలు ఉందేమో వెతుకుతుంది. అక్కడ ఫైలు పెట్టగల అనుమతి దక్కినవారు ఇలాంటి పాత్‌తో మొదలయ్యే విండోస్ సర్వీసుల (తెరవెనుక నడిచే ప్రోగ్రాముల) అధికారాన్ని చేజిక్కించుకోగలరు గనుక, భద్రతా నిపుణులు దీన్ని ఒక ప్రత్యేక లోపంగా పరిగణిస్తున్నారు.