గుంటుపల్లి నుంచి ప్రింటెడ్ గ్లాసు దాకా: గోదావరి సీమలో భవన ముఖాల కళ

గోదావరి సీమలో భవనాల బయటి ముఖాన్ని తీర్చిదిద్దే కళకు రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ కాలంలో రాయి, సున్నపు గార, సిమెంటు, గాజు ఒకదాని తర్వాత ఒకటి వాడుకలోకి వచ్చాయి. పదార్థంతో పాటు చూసేవారు నిలబడే దూరం కూడా మారింది.

తొలి ఉదాహరణ గుంటుపల్లి. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోనిది, నేడు ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో ఉంది. క్రీస్తుపూర్వం 2–1 శతాబ్దాల నాటి ఈ బౌద్ధ క్షేత్రంలో కొండను తొలిచి గుండ్రని చైత్యగృహం చేశారు. దాని ద్వారం మీద గుర్రపు నాడా ఆకారంలో కమాను, లోపలి కప్పుకు వాసాలు చెక్కారు. వడ్రంగి కర్రతో కట్టే తీరును శిల్పి రాతిలో దించాడు. బీహారులోని బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ ముఖమూ ఇదే పద్ధతిలో ఉంటుంది.

ఆ కమాను తర్వాతి ఆలయ శిల్పంలో చిన్న అలంకారంగా మారి విమానాల అంతస్తుల మీదికి ఎక్కింది. ఈ దశను తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలులో చూడవచ్చు. ఇక్కడి తూర్పు చాళుక్యుల ఆలయాల చరిత్ర 9వ శతాబ్దంలో, గుణగ విజయాదిత్యుని (848–892) కాలంతో మొదలవుతుంది. గోడలను కుడ్యస్తంభాలతో విభజించి, మధ్యలో గూళ్లు తీసి, వాటిపై మకర తోరణాలు చెక్కి, లోపల దేవతామూర్తులను నిలిపారు. ఇవి ప్రదక్షిణ చేసే భక్తునికి చేతికందే దూరంలో ఉండే శిల్పాలు. ఒక్కో గూడు దగ్గర ఆగి చూడటానికి ఉద్దేశించినవి. ఆ తరువాత చాళుక్య భీముడు సామర్లకోట, ద్రాక్షారామాల్లో కట్టించిన రెండంతస్తుల భీమేశ్వరాలయాల్లో కొలతకూ ఎత్తుకూ ప్రాధాన్యం పెరిగింది. సామర్లకోటలో మూర్తుల కన్నా కుడ్యస్తంభాల వరుసలే గోడకు అందం.

గాలిగోపురాల కాలంలో చూపు మరింత దూరం జరిగింది. డెల్టా ఒండ్రునేల చదునుగా ఉంటుంది. ఎత్తైన కట్టడం పొలాల మీదుగా చాలా దూరానికి కనబడుతుంది. పాలకొల్లు క్షీరారామలింగేశ్వరాలయ గోపురం తొమ్మిది అంతస్తులతో సుమారు 120 అడుగులు లేచింది. ఇలాంటి గోపురాల్లో సాధారణంగా అడుగు భాగం రాయి, పైఅంతస్తులు ఇటుక. బొమ్మలను సున్నపు గారతో మలిచి రంగులు వేస్తారు. గార బరువు తక్కువ, పని వేగం ఎక్కువ. అయితే ఎండకూ వానకూ రంగు వెలిసిపోతుంది కాబట్టి కుంభాభిషేకాల వేళ మళ్లీ రంగులు వేయాల్సి వస్తుంది.

20వ శతాబ్దంలో సిమెంటు రావడంతో ఈ పని ఇళ్లకూ పాకింది. పిట్టగోడ మధ్యలో గజలక్ష్మి, పక్కన సింహాలో నెమళ్లో, కింద ఇల్లు కట్టిన సంవత్సరం వేయించుకోవడం పల్లెల్లో మోతుబరి ఇళ్లకు గుర్తింపు అయింది. వీధిలో నడిచేవారే వీటి ప్రేక్షకులు.

గాజు ఈ వరుసలో చివరిది. తెలుగు ఇళ్లలో పూజగది తలుపుల మీద ఇసుక చిమ్మి గీసిన దేవతా రూపాలతో అలంకార గాజు కనిపిస్తుంది. భవన ముఖాలకు వాడే ప్రింటెడ్ గ్లాసు పద్ధతి వేరు. మెత్తని గాజు పొడిలో లోహ ఆక్సైడు రంగులు కలిపిన సిరాతో అద్దం మీద బొమ్మ అచ్చు వేస్తారు. అద్దాన్ని గట్టిపరిచే (టఫెనింగ్) కొలిమిలో 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడిచేస్తే సిరా కరిగి గాజులో భాగమవుతుంది. మొదట్లో ప్రతి బొమ్మకూ స్క్రీన్ తయారు చేయాల్సి రావడంతో ఒకే నమూనాను పదేపదే వాడేవారు. 2000 తర్వాతి దశకంలో డిజిటల్ ప్రింటర్లు రావడంతో, ఒక్కో పలకకు ఒక్కో భాగం చొప్పున గోడంతా ఒకే చిత్రం చేయడం వీలైంది.

ఇలాంటి ముద్రిత ముఖాలకు ఐరోపాలో ఉదాహరణలున్నాయి. జర్మనీలోని ఎబర్స్‌వాల్డే గ్రంథాలయం (1999) మీద ఫొటోగ్రాఫర్ థామస్ రఫ్ ఎంపిక చేసిన వార్తాపత్రికల ఫొటోలు కాంక్రీటుతో పాటు గాజుపైనా అచ్చయ్యాయి. నెదర్లాండ్స్‌లోని స్హైండెల్ అనే ఊరి నడిబజారులో 2013లో పూర్తయిన ‘గ్లాస్ ఫార్మ్’ మీద ఆ ప్రాంతపు పాత రైతు ఇళ్ల ఫొటోలను కలిపి ముద్రించారు. భవనం అసలు ఇళ్ల కన్నా 1.6 రెట్లు పెద్దది. స్థానిక గృహరూపమే ఇక్కడ ఊరుమ్మడి చిత్రమైంది.

చుక్కలతో ముద్రించిన గాజులో దూరమే కళకు ఆధారం. దగ్గర విడివిడి చుక్కలు, రోడ్డు అవతలి నుంచి చిత్రం, లోపలి నుంచి పలుచని తెర కనిపిస్తాయి. బిక్కవోలు గూడు దగ్గరి చూపును, పాలకొల్లు గోపురం దూరపు చూపును కోరితే, ఈ గాజు రెండింటినీ ఒకే తలం మీద ఇముడ్చుకుంటుంది. చుక్కలు కొంత ఎండను అడ్డుకుంటాయి కాబట్టి డెల్టా వేసవికి ఉపయోగం కూడా ఉంది.

మన్నిక మాటకొస్తే, అద్దంపై అంటించే ప్రింటెడ్ ఫిల్ము ఎండకు వెలిసి అంచుల్లో లేస్తుంది. కాల్చిన సిరాకు ఆ ఇబ్బంది లేదు. పలక పగిలితే మాత్రం అతుకు పనికిరాదు. చిత్రం డిజిటల్ ఫైలును భద్రపరిచి ఉంటేనే ఆ పలకను మళ్లీ అచ్చు వేయించి అమర్చగలుగుతారు.