బడిలో చివరి గది వైఫై

బళ్లలో వైఫై కథను కేబుళ్ల కాలం ముగిసి గాలిలో సంకేతాల కాలం మొదలైన కథగా చెప్పడం అలవాటైపోయింది. అమెరికా బళ్ల అనుభవాన్ని వరసగా చూస్తే సంగతి అలా లేదు. వరండా చివర ఉన్న గది దాకా సిగ్నల్ నమ్మకంగా అందిన చోట చాలావరకు ముందు ఆ దరిదాపులకు కేబుల్ చేరింది. వైఫై తగ్గించింది ఆఖరి పది ఇరవై అడుగుల తీగనే.

1996 మార్చి 9న కాలిఫోర్నియాలో నెట్‌డే జరిగింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసే జాన్ గేజ్, కేక్యూఈడీ ప్రసార సంస్థకు చెందిన మైఖేల్ కౌఫ్‌మన్ తలపెట్టిన పని అది. వేలాది మంది స్వచ్ఛందంగా బళ్లకు వచ్చి కేబుళ్లు లాగారు. కాంకర్డ్‌లోని ఒక హైస్కూల్లో అధ్యక్షుడు క్లింటన్, ఉపాధ్యక్షుడు గోర్ కూడా చేయి వేశారు. ఎన్నికల ఏడాది కదా, ఫొటోలకు కొదవ లేదు. అయితే ఆ ఉత్సాహం లైబ్రరీకి, కంప్యూటర్ ల్యాబుకు, కొన్ని తరగతి గదులకు సరిపోయిందే తప్ప భవనమంతటికీ కాదు. పైగా పాత భవనాల్లో ఆస్‌బెస్టాస్ భయం ఉండేది. బళ్లన్నీ దాన్ని తనిఖీ చేయించి జాగ్రత్తలు రాసిపెట్టుకోవాలని 1986లోనే చట్టం వచ్చింది కాబట్టి, ఎక్కడ పడితే అక్కడ గోడకు డ్రిల్ పెట్టడానికి లేదు. వైర్‌లెస్ వరంలా కనిపించడానికి ఇదొక కారణం. వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో సెకనుకు 2 మెగాబిట్లతో వచ్చింది, 1999లో 11కు పెరిగింది. అదే ఏడాది యాపిల్ ఎయిర్‌పోర్ట్ బేస్ స్టేషన్‌ను 299 డాలర్లకు అమ్మడంతో ధర కూడా బళ్లకు అందుబాటులోకి వచ్చింది. 2002లో గవర్నర్ యాంగస్ కింగ్ చొరవతో మెయిన్ రాష్ట్రం ప్రభుత్వ బళ్లలోని ఏడో తరగతి పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, బళ్లలో వైర్‌లెస్ పెట్టించింది. బళ్లనూ గ్రంథాలయాలనూ కలిపే నెట్‌వర్క్ ఆ రాష్ట్రంలో అప్పటికే ఉంది.

కేబుల్ లాగే అంత శ్రమ ఎందుకు, సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్‌ను గది గదికీ ఒకటి పెడితే పోదా అని అడగవచ్చు. దీనికి జవాబు వైఫై పుట్టకముందే దొరికింది. 1971 జూన్‌లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్‌ను నడిపించింది. ఒకే ఛానల్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే సంకేతాలు ఢీకొంటాయి; అలా వాడితే ఛానల్ సామర్థ్యంలో దాదాపు 18 శాతానికి మించి పనికిరాదని అబ్రామ్సన్ లెక్క. పంపే క్షణాలను వాటాలు వేస్తే అది 37 శాతం దాకా పెరుగుతుంది. వైఫై ముందు విని తరవాత పంపుతుంది కాబట్టి ఇంతకంటే మెరుగే. కానీ గాలి అందరికీ ఉమ్మడి అన్న సంగతి మారలేదు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న ప్రతి మాటనూ అదే ఛానల్లో మళ్లీ చెప్పాలి, అంటే వేగం సుమారు సగానికి పడిపోతుంది. వరసలో ఇంకొకటి చేరిస్తే ఇంకా తగ్గుతుంది. అయినా ఫోను మీద గీతలు నిండుగానే ఉంటాయి. అవి చెప్పేది పక్కనున్న రిపీటర్ ఎంత బాగా వినిపిస్తోందన్నదే. ఆ రిపీటర్‌కు ఆఫీసు గదిలోని రౌటర్ ఎంత వినిపిస్తోందో అవి చెప్పవు. రిపీటర్ల మీద భ్రమ ఇంతకాలం నిలవడానికి ఈ గీతలే కారణమని నా అనుమానం.

పవర్ పెంచితే సరిపోతుందన్న వాదనా బలహీనమే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 2005లో లైసెన్సు తీసేసినప్పుడే యాంటెనాతో కలిపి 4 వాట్ల హద్దు పెట్టారు. చట్టాన్ని పక్కన పెట్టినా, రౌటర్ ఎంత గట్టిగా అరిచినా పిల్లవాడి ట్యాబ్ జవాబు దాని సొంత బలహీనమైన రేడియోతోనే రావాలి. ఇటుక గోడలు, స్లాబులు దాన్ని మధ్యలోనే మింగేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ నష్టం ఇంకా ఎక్కువ.

చాలా డబ్బాలు ఒకదాని నుంచి ఒకటి గాలిలోనే సంకేతం అందుకునే మెష్ వ్యవస్థల సంగతి వేరు, నిజమే. డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో ఉన్న రకాలు సగం వేగం సమస్యను చాలావరకు తప్పిస్తాయి. గోడ తొలవడానికి వీల్లేని భవనంలో వాటికి చోటుంది. కానీ ముప్పై మంది పిల్లలు ఒకేసారి వీడియో తెరిచే గదికి ఆ గాలి దారి కూడా ఇరుకే. 2014లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ బళ్ల రాయితీ పథకాన్ని వైఫై వైపు మళ్లించినప్పుడు, వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లతో పాటు భవనం లోపలి కేబుళ్లకూ స్విచ్‌లకూ అదే ఖాతాలో డబ్బు ఇచ్చింది. నెట్‌డే జరిగిన పద్దెనిమిదేళ్లకు, వైఫై కోసమే వేసిన బడ్జెట్‌లో కేబుల్ మళ్లీ కనిపించింది. మీ ఊరి బడికి వైఫై కొటేషన్ వస్తే, డబ్బాలు ఎన్ని అని చూసే ముందు కేబుల్ ఎన్ని మీటర్లు రాశారో చూడండి. అక్కడ సున్నా ఉంటే సంతకం పెట్టే ముందు ఎందుకని అడగండి.