ఆటస్థలమున దూరదృష్టి

క్రికెట్ పోటీ జరుగుచున్న దినమున రేడియో ముందు కూర్చుండి వినువారికి వ్యాఖ్యాత కంఠమే కన్ను. బౌలరు పరుగెత్తుట, బంతి నేలను తాకి లేచుట, బ్యాటు చప్పుడు, ప్రేక్షకుల కేక – అన్నియు చెవితోనే చూడవలెను. మరునాటి ఉదయము వార్తాపత్రిక వచ్చును. అందు అదే బంతి, అదే దెబ్బ. ఆటగాని నుదుటి చెమట బొట్లు సయితము లెక్కింపదగినంత దగ్గరగా కనబడును. ఆ చిత్రము తీసిన మనిషి మాత్రము ఆటగానికి డెబ్బది ఎనుబది గజముల దూరమున, సరిహద్దు తాడు కావల, చిన్న పీట మీద కూర్చుండి యుండెను. దూరపు కొండలు నునుపని మనవారు ఊరకే అనలేదు. ఆ కొండ మీది గరుకును దూరము నుండియే చూపుటకు మానవునకు పట్టిన కాలము, పడిన ప్రయాస చిన్నవి కావు. ఆ కథను కొంత ముచ్చటింపదలచినాము.

కదలిక ఛాయాచిత్రమునకు మొదటి నుండియు పెద్ద శత్రువు. తొలినాళ్ళ ప్లేట్ల మీద చిత్రము పడుటకు క్షణములు, ఒక్కొక్కప్పుడు నిమిషములు పట్టెడివి. కదలినవాడు పొగవలె చెదరిపోయెడివాడు. ఈ శత్రువును గెలిచిన మొదటి ఘట్టము గుఱ్ఱపు పందెపు బాటమీద జరిగినది. 1878 జూన్ మాసమున, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ధనికుడగు లేలండ్ స్టాన్‌ఫర్డ్ ప్రోత్సాహముతో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు బాట ప్రక్కను పండ్రెండు కెమెరాలను వరుసగా నిలిపెను. కెమెరాకును కెమెరాకును ఎడము 27 అంగుళములు. బాటకు అడ్డముగా దారములు కట్టెను. గుఱ్ఱము పరుగెత్తుచు ఒక్కొక్క దారమును తెంపినకొలది ఒక్కొక్క కెమెరా కన్ను తెరచి మూసెను. దౌడు తీయు గుఱ్ఱము నాలుగు కాళ్ళును ఒక్కసారి నేలను విడుచునని అప్పుడు రుజువైనది. అయితే ఆ విడుచుట చిత్రకారులు తరతరములుగా వ్రాసినట్లు కాళ్ళు ముందు వెనుకలకు బారచాపినప్పుడు కాదు. కాళ్ళన్నియు పొట్టక్రిందికి ముడుచుకొన్నప్పుడు. శతాబ్దముల బొమ్మలు ఒక్కనాటితో తప్పైపోయినవి!

కాని మైబ్రిడ్జ్ గెలిచినది కాలమును మాత్రమే, దూరమును కాదు. గుఱ్ఱమే ఆయన కెమెరాల ముందుకు వచ్చి, ఆయన కట్టిన దారములనే తెంపవలసి వచ్చినది. నిజమైన పందెమున ఏ గుఱ్ఱము అట్లు వచ్చును? ఏ ఆటగాడు కెమెరా యున్న చోటికి వచ్చి ఆడును?

దూరమునకు మందు 1891లో దొరికినది. చిత్రమేమనగా ఆ యొక్క సంవత్సరముననే లండనులో థామస్ డాల్‌మేయర్, మ్యూనిక్‌లో అడాల్ఫ్ స్టైన్‌హైల్, బెర్లినులో అడాల్ఫ్ మీటె – ముగ్గురును విడివిడిగా టెలిఫోటో లెన్సును నిర్మించిరి. దాని కిటుకును మాటలలో చెప్పుట కష్టము కాదు. లెన్సు నాభ్యంతరము ఎంత ఎక్కువైన బొమ్మ అంత పెద్దదగును. కాని మామూలు కటకముతో 400 మిల్లీమీటర్ల నాభ్యంతరము కావలెనన్న, దానిని ప్లేటునకు సుమారు 400 మిల్లీమీటర్ల దూరముననే నిలుపవలెను. కెమెరా మూరెడు పొడవగును. ఆ ముగ్గురును ముందు కుంభాకార కటకమును, వెనుక పుటాకార కటకమును అమర్చిరి. వెనుక కటకము కిరణములు కలిసికొను వేగమును తగ్గించి, పొట్టి గొట్టములోనే పొడుగు లెన్సు పనిని చేయించును. గెలీలియో దూరదర్శినిలోని జోడియే ఇది; కంటికి బదులు ప్లేటు వచ్చినది.

అయితే వరమిచ్చిన దేవుడు షరతు పెట్టక మానడు గదా! బొమ్మ పెద్దదైన కొలది వెలుతురు పలుచనగును. 300 మిల్లీమీటర్ల లెన్సునకు ఎఫ్ 2.8 రంధ్రము కావలెనన్న ముందుటద్దము వెలుతురు కొఱకు 107 మిల్లీమీటర్లు తెరచుకొనవలెను. అనగా ఒక చిన్న పళ్ళెమంత. తొలి టెలిఫోటోలకు ఇట్టి యద్దములు లేవు, ఆనాటి ప్లేట్లకు ఇప్పటి చురుకును లేదు. కావున మొదట వాని ముందు నిలిచినవి కదలని పర్వతములు, గోపురములే. ఆటగాడు చాల కాలము వేచియుండవలసి వచ్చెను.

ఆ నడుమ కాలమున క్రికెట్ చిత్రములు ఎట్లు తీసెడివారో తెలిసికొనుటకు 1905లో వెలువడిన ఒక గ్రంథమును చూడవచ్చును. మిడిల్‌సెక్స్ తరఫున ఆడిన జార్జి బెల్డామ్, ప్రసిద్ధ ఆటగాడు సి. బి. ఫ్రై కలిసి గొప్ప బ్యాట్స్‌మెన్ల పద్ధతులను ఛాయాచిత్రములతో వివరించిరి. ఆస్ట్రేలియా ఆటగాడు విక్టర్ ట్రంపర్ అడుగు చాచి ముందుకు దూకుచున్న లోకప్రసిద్ధ చిత్రము అందులోనిదే. ఎంతటి ఊపు, ఎంతటి స్వేచ్ఛ! కాని అది పోటీలో తీసినది కాదు. బెల్డామ్ కెమెరాతో దగ్గరగా నిలిచియుండగా, చిత్రము కొఱకే ఆడిన దెబ్బ అది. ఇది దోషమని మా యభిప్రాయము కాదు. అయినను పరుగు చేయవలెననియు, అవుట్ కారాదనియు ఉండు తపన ఆ ముఖమున ఎట్లుండును?

ఆ తపనను పట్టుకొనుటకు పత్రికలవారు ఫిరంగుల వంటి కెమెరాలు చేయించిరి. ‘లాంగ్ టామ్’ అని వానికి ముద్దుపేరు. అది పూర్వమొక ఫిరంగి పేరే. 1928 నవంబరులో సిడ్నీ మైదానమున హెర్బర్ట్ ఫిష్‌విక్ అట్టి పొడుగు లెన్సుతో ఇంగ్లండు ఆటగాడు వాలీ హేమండ్ కవర్ డ్రైవును పట్టెను. ముందుకు వంగిన మోకాలు, పూర్తియైన బ్యాటు చుట్టు, వెనుక వికెట్ కీపరు ఓల్డ్‌ఫీల్డ్. ఎవరును ఎవరి కొఱకును నిలువలేదు. ఇరువది మూడేండ్లలో ఆట కెమెరా వద్దకు పోవుట మాని, కెమెరాయే ఆట వద్దకు పోయినది.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి లెన్సు చేతిలోనికి వచ్చినది. జైస్ సంస్థ కాంటాక్స్ కెమెరాకు 180 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8 గల లెన్సు నిచ్చెను. దానికి ‘ఒలింపియా సోనార్’ అను పేరే నిలిచిపోయినది. అదే క్రీడలలో టెలివిజను కొఱకు 1.6 మీటర్ల నాభ్యంతరము గల మహాకటకమును సయితము వాడిరి. దానిని మోయుటకు మనుషులు కావలసివచ్చిరి.

ఇక ఈ కథలో మాకు అత్యంత ప్రియమైన ఘట్టము. 1960 డిసెంబరు 14, బ్రిస్బేన్. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ జట్ల తొలి టెస్టు, చివరి ఓవరు. అప్పుడు ఓవరునకు ఎనిమిది బంతులు. ఆస్ట్రేలియాకు ఆరు పరుగులు కావలెను, చేతిలో మూడు వికెట్లు. ‘ఏజ్’ పత్రిక ఛాయాగ్రాహకుడు రాన్ లవిట్ చేతిలో ప్లేట్లు అయిపోవచ్చినవి. నేటివలె క్షణమునకు ఇరువది చిత్రములు తీయు కెమెరాలు కావవి. ఒక ప్లేటు, ఒక చిత్రము. ఆయనయు, ప్రక్కనున్న మరొక పత్రిక ఛాయాగ్రాహకుడును ఒక ఒడంబడిక చేసికొనిరని ఆ వృత్తివారు చెప్పుకొందురు: రాబోవు ఘటనను ఒకరు తీయవలెను, రెండవవారు కడపటి దానికై తమ ప్లేటును దాచుకొనవలెను. దాచుకొనుట లవిట్ వంతు.

ఏడవ బంతి. స్కోర్లు సమానము. క్లైన్ బంతిని తట్టెను, మెకిఫ్ పరుగెత్తెను. జో సాలమన్ ప్రక్కనుండి విసరెను. ఆయనకు కనబడినది ఒక్క స్టంపు మాత్రమే. అది పడినది. లవిట్ వ్రేలు నొక్కబడినది. ఆట సమానమై ముగిసెనని ఆ క్షణమున మైదానములోని ఆటగాండ్రలోనే కొందరికి తెలియలేదు. ఎవరు గెలిచిరని అడిగినవారును కలరు. ఆ కలవరములో, ఆ దూరము నుండి, మిగిలిన గాజుపలక మీద వికెట్టు పడుటయు వెస్టిండీస్ ఆటగాండ్రు ఎగురుటయు చెక్కుచెదరక పడినవి. ఆ వేళ ఆ వ్రేలు ఒక్క బంతి ముందు తొందరపడియున్నచో!

1968 అక్టోబరు 18న మెక్సికో నగరమున బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకెను. కండ్లు విప్పార్చి, కాళ్ళు బారచాపి గాలిలో నిలిచిన ఆ చిత్రమును తీసినది వృత్తి ఛాయాగ్రాహకుడు కాదు. టోనీ డఫీ అను ఆంగ్లేయుడు. సరదాకు ఫోటోలు తీసికొను సాధారణ ప్రేక్షకుడు. ఆయన చేత 300 మిల్లీమీటర్ల లెన్సుండెను. ఫిష్‌విక్ నాటి ఫిరంగి ప్రేక్షకుని ఒడిలోనికి వచ్చినదన్నమాట.

అయినను పొడుగు లెన్సునకు ఒక మొండితనము కలదు. దూరపు ఆటగాని చక్కగా చూపునది, వాడు బంతితో మన వైపు పరుగెత్తివచ్చినచో తలయో మోకాలో మాత్రమే చూపును. ఫుట్‌బాల్‌లో ఈ కష్టము మరీ ఎక్కువ. ఒక్క లెన్సే పొడుగుగను పొట్టిగను మారిన బాగుండునను కోరికయే జూమ్ లెన్సు. ఆ మాట విమానచోదకులది. విమానము నిట్టనిలువుగా ఎగయుటకు వారు పెట్టుకొన్న పేరు. వియన్నాలో పుట్టి అమెరికా చేరిన ఫ్రాంక్ బాక్ 1940ల చివర టెలివిజను కొఱకు ‘జూమర్’ను రూపొందించెను, బేస్‌బాల్ ప్రసారములు దానిని వెంటనే చేపట్టినవి. 1959లో చేతి కెమెరాలకు రెండు జూమ్‌లు వచ్చినవి: ఫోక్ట్‌లాండర్ వారి 36–82, నికాన్ వారి 85–250. రెండవది నిజమైన టెలిఫోటో జూమ్. బరువు సుమారు రెండు కిలోలు. వృత్తివారు మొదట పెదవి విరిచిరి. కారణము లేకపోలేదు: లోపల కటకములు కదలుచుండగా ప్రతి స్థానమునను బొమ్మ పదునుగా నుండవలెనన్న లెక్కలు కొండంత, ఆనాడు చేతిలెక్కలతో అది తెమలునది కాదు. గణనయంత్రములును మేలిరకపు గాజును వచ్చిన పిదపనే ఆ అపకీర్తి తొలగినది. నేడు ఏ మైదానమున చూచినను ఎఫ్ 2.8 గల 70–200 జూమ్ కనబడకపోదు. చేతి వణకును సరిదిద్దు లెన్సు కూడ 1995లో కానన్ వారి 75–300తో వచ్చినది. అది ఆపునది మన చేతి వణకును మాత్రమే, ఆటగాని పరుగును కాదు. దానికి క్షణములో వెయ్యవ వంతు షట్టరు కావలసినదే. పైగా 300 మిల్లీమీటర్ల లెన్సును పూర్తిగా తెరచి ముప్పది మీటర్ల దూరమున గురిపెట్టిన, స్పష్టముగా నుండు మందము సుమారు మీటరున్నర. క్షణమునకు పది మీటర్లు పరుగెత్తువాడు దానిని క్షణములో ఆరవ వంతున దాటిపోవును. అందుచే నేర్పరులు ఆటగాని వెంట పడరు. ఆట ఎటు వచ్చునో ఊహించి అక్కడ కాచుకొందురు.

ఈ దూరపు చూపు ఒక విధముగా మోసగత్తె యని కూడ చెప్పవలెను. క్రికెట్ పిచ్ పొడవు ఇరువది మీటర్లు. బౌలరు వెనుక అయిదు మీటర్లలో నిలిచి చూచిన బ్యాట్స్‌మెన్ కంటె బౌలరు ఐదింతలు పెద్దగా కనబడును. ఎనుబది మీటర్ల వెనుక నుండి చూచినచో కేవలము ఒకటింబాతిక. ఆ బొమ్మలో ఇరువురును భుజము భుజము రాచుకొన్నట్లుందురు. కావుననే పత్రికలోని చిత్రము చూచి, బంతి ప్యాడునకు తగిలిన చోటిని గూర్చి అంపైరును నిందించువారితో మేము వాదింపము. మరొక కాఫీ తెప్పింతుము.

ఇంత చెప్పినను ఆ మోసపు చూపునే మేము కోరుకొను సందర్భమొకటి కలదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలిచినది మన హైదరాబాదు పోలీసు జట్టు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలోనే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానము పొందెను. ఆ జట్టు ఆటను చూచిన వృద్ధులు బంతి కాలి నుండి కాలికి ఎట్లు పారెడిదో చేతులు త్రిప్పుచు వర్ణించుట మేము విన్నాము. ఒక కార్యక్రమము కొఱకు ఆ జట్టు చిత్రములను వెదకినాము. మాకు దొరికినవి దాదాపు అన్నియు ఒకే తీరు: వెనుక వరుస నిలుచుండి, ముందు వరుస కుర్చీలలో, చేతులు కట్టుకొని, నడుమ కప్పు, నేలమీద కదలని బంతి.