చూపు, మెదడు, మతిభ్రమ: నూరేళ్ల అన్వేషణ

హైదరాబాదు–విజయవాడ రహదారి కేతేపల్లి మీదుగా పోతుంది. రాత్రివేళ ఆ దారి పక్కన నిలబడితే లారీల వెలుతురు ఎవరి కళ్లకైనా జిగేలుమంటుంది. అయితే ఇరవై ఏళ్ల కుర్రవాడు ఇంట్లోని మామూలు బల్బును చూసి "ఈ వెలుగు కళ్లలో పొడుస్తున్నది, అమ్మ ముఖం రోజుకో తీరుగా కనబడుతున్నది" అన్నాడనుకోండి. ఇంటివారు మొదట కళ్ల డాక్టరుకు చూపిస్తారు. అద్దాలతో గుణం కనబడకపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి. ఆ కుర్రవాని మాటను వైద్యులు చెవికెక్కించుకోవడానికి కూడా చాలా కాలమే పట్టింది.

లేని గొంతులు వినబడటం, ఆధారం లేని అనుమానాలు పాతుకుపోవడం వంటి స్థితిని సైకోసిస్ అంటాము. దీని ప్రధాన రూపానికి స్కిజోఫ్రీనియా అని 1908లో పేరు పెట్టినవాడు జ్యూరిచ్ మనోవైద్యుడు బ్లూలర్. ఈ జబ్బులో ఆలోచన చెదురుతుందని, చూడటం, వినడం వంటి ఇంద్రియశక్తులు మాత్రం చెక్కుచెదరవని ఆయన నమ్మకం. చిత్రమేమిటంటే, సరిగ్గా అదే ఏడు అమెరికాలో డీఫెన్‌డార్ఫ్, డాడ్జ్ అనే ఇద్దరు రోగుల కంటి కదలికలను ఫొటోలు తీసి, దానికి విరుద్ధమైన సంగతి ప్రకటించారు. ఊగే లోలకాన్ని మన కన్ను నున్నగా వెంబడిస్తుంది. ఆ రోగుల కన్ను వెనకబడి, గెంతుతూ అందుకుంటున్నది. పెద్దాయన మాట నిలిచింది, ఫొటోలు మరుగున పడ్డాయి. 1973లో హోల్జ్‌మన్ మళ్లీ అదే పరీక్ష చేసేదాకా పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. ఆయన బృందం ఆ తరువాత, జబ్బు లేని రక్తసంబంధీకులలో కొందరికి సైతం ఈ లక్షణం ఉన్నట్టు గమనించింది.

ఈ నడుమ జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే మనోవైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తలపై నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. అయిదేళ్లకు గాని ప్రకటించలేదు. కళ్లు మూసుకుంటే సెకనుకు సుమారు పది అలలు, తెరిస్తే అవి అణగిపోతాయి. అంటే ఈఈజీ తొలి పాఠమే చూపుకు సంబంధించినది! తరువాతి తరం ఇదే పనిముట్టుతో రోగులకు గళ్ల బొమ్మలు చూపించి పరిశీలించింది. బొమ్మ కనబడిన పదోవంతు సెకనులోనే పుట్టే తొలి స్పందన వారిలో సగటున బలహీనంగా ఉన్నట్టు పలు పరిశోధనలు తెలిపాయి.

కాని యంత్రాలకంటె ముందే ఈ సంగతిని చెప్పినవారు రోగులే. 1961లో స్కాట్లండ్‌లోని డండీలో మెక్‌గీ, చాప్‌మన్ చేసిన పని చాలా సాదాది. జబ్బు మొదలైన కొత్తలోనే రోగులను కూర్చోబెట్టి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. రంగులు మండిపోతున్నాయని, చూసినవన్నీ ఒక్కసారిగా మీద పడుతున్నాయని వారు చెప్పారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నింటికంటె విలువైన ఘట్టం ఇదే.

జాతరలో పిల్లలకు కొనిపెట్టే ముసుగును తిప్పి, లోపలి గుంటను కొంచెం దూరం నుంచి చూడండి. గుంట అని తెలిసినా ముక్కు బయటికి పొడుచుకొచ్చినట్టే కనబడుతుంది. ముఖాలెలా ఉంటాయో మెదడు ముందే తీర్మానించుకొని కంటికి అలాగే చూపిస్తుంది. 2009లో దిమా బృందం మెదడు స్కానింగుతో ఈ ప్రయోగం చేసింది. స్కిజోఫ్రీనియా ఉన్నవారు అంతగా మోసపోలేదు, గుంటను గుంటగానే చూశారు! పై కేంద్రాల నుంచి దృష్టి కేంద్రాలకు దిగే ప్రభావం వారిలో వేరుగా ఉన్నది. మన భ్రమ వారికి లేకపోవడం కూడా జబ్బు జాడే కావడం విచిత్రం.

ఇవన్నీ సగటు లెక్కలు. ఏ స్కానూ ఏ ఈఈజీయీ ఒక్క మనిషికి ఈ జబ్బు ఉన్నదని తేల్చలేదు. ఆ మాట చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మకండి. నిర్ధారణ నేటికీ మనోవైద్యుని సంభాషణతోనే జరుగుతుంది. నిజాం కాలపు మానసిక వైద్యశాల జాల్నా నుంచి ఎర్రగడ్డకు తరలివచ్చినది 1953లో. దానికి ఒక్క ఏడాది ముందే పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే తొలి మందు వాడుకలోకి వచ్చింది.  ఇప్పుడు ఎర్రగడ్డ దాకా పోవడానికి ముందే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే సలహా అడగవచ్చు. అప్పుడు "వెలుగు పొడుస్తున్నది, ముఖాలు మారుతున్నవి" అని కుర్రవాడు అన్న మాటలను మార్చకుండా చెప్పండి. అవి ఎప్పుడు మొదలైనవో, నిద్ర, చదువు, స్నేహాలు ఎప్పటి నుంచి తగ్గినవో కూడా చెప్పండి.