లాగుడుబండి వెనక కథ

కారు వెనక కారవాను తగిలించుకుని తిరిగేవాళ్ళ మీద నాకు చాలాకాలం ఒకటే అభిప్రాయం ఉండేది. రోడ్డు తమ తాతగారు రాసిచ్చినట్టు తాపీగా పోతూ, వెనకున్న ఇరవై కార్లవాళ్ళ ఉసురు పోసుకునే రిటైరైన తెల్లోళ్ళు అని. ఇంగ్లండులో ఉద్యోగానికొచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఇదే అభిప్రాయం అనుకుంటా. అలాంటి నేను 2022 వేసవిలో ఓ మిత్రుడి కారవాను అరువు తెచ్చుకుని మా పెట్రోలు కారుకి తగిలించాను. తెలియనివాళ్ళ కోసం: కారవాను అంటే చక్రాల మీద ఉండే ఒంటిగది ఇల్లు. మంచాలు, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. కారే లాక్కెళ్ళాలి.

వెనకవైపు అరలు ఖాళీగా ఉన్నాయి కదా అని అన్నీ అక్కడే సర్దాం. 20 కిలోల సోనా మసూరి బస్తా, నీళ్ళ క్యాన్లు, కుక్కరు, ఆవకాయ జాడీ. ఎం5 మోటర్‌వే మీద ఓ పెద్ద బస్సు మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి వెనక కారవాను పాములాగా అటూఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఊపు తగ్గదే! రెండో ఊపు కంటే మూడోది పెద్దది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. బ్రేకు మీదకి పోబోయిన కాలు ఎందుకో ఆగింది. యాక్సిలరేటరు వదిలేసి, స్టీరింగు కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. ఓ పది సెకన్లు పట్టిందేమో కుదుటపడడానికి. మా ఆవిడ ఆ తర్వాత ఓ గంటసేపు మాట్లాడలేదు. మాట్లాడాక అన్న మొదటి మాట: "పెద్ద బండి కొను. లేకపోతే ఇదే ఆఖరు."

అలా మొదలైంది నా సెకండ్‌హ్యాండ్ డీజిలు ఫోర్ బై ఫోర్ వేట. వారం తిరక్కుండానే ఓ చిక్కుముడి ఎదురైంది. రెండు ప్రకటనలు. రెండూ ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, రెండూ 2.7 లీటర్ల డీజిలు, రెండూ 2006 బళ్ళే, తిరిగిన మైళ్ళు కూడా ఇంచుమించు సమానం. ఒకటి జనవరిలో రిజిస్టరైంది, రెండోది జూన్‌లో. విచిత్రంగా కొత్తదే బాగా చవక. ఎందుకో కనుక్కుందామని తవ్వితే, తీగ లాగితే డొంకంతా కదిలింది.

అసలీ డీజిలు ఫోర్ బై ఫోర్ అనేది పొలంలో పుట్టిన జంతువు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక రోవర్ కంపెనీ ఇంజనీర్ల పెద్ద మారిస్ విల్క్స్‌కి వేల్స్‌లోని యాంగిల్సీ ద్వీపంలో ఓ పొలం ఉండేది. అక్కడ పనికి సైన్యం వదిలేసిన పాత అమెరికన్ విల్లీస్ జీపు వాడేవాడు. అది పాడైతే దాని బదులు ఏం కొనాలి? మళ్ళీ ఇంకో జీపే, వేరే దిక్కు లేదు. ఆయన అన్నగారు స్పెన్సర్ విల్క్స్ రోవర్ కంపెనీ అధిపతి. అప్పట్లో బ్రిటన్‌లో ఉక్కుకి రేషను, ఎగుమతి చేసేవాడికే ఉక్కు. రోవర్ వాళ్ళ ఖరీదైన కార్లు బయటి దేశాల్లో పెద్దగా పోయేవి కావు. సరే, రైతులకీ బయటి దేశాలకీ అమ్మడానికి ఓ బండి చేసి గండం గట్టెక్కుదాం అనుకున్నారు అన్నదమ్ములు. 1947లో మొదటి నమూనాని జీపు ఛాసిస్ మీదే కట్టారు, ట్రాక్టరుకి మల్లే స్టీరింగు మధ్యలో పెట్టి. ఉక్కు దొరక్క ఒళ్ళంతా అల్యూమినియం మిశ్రమంతో చేశారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటర్ షోలో బయటపెట్టారు. యుద్ధంలో విమాన ఇంజన్ల కోసం సాలిహల్‌లో కట్టిన కర్మాగారంలో తయారీ. మేముండేది ఆ ఊళ్ళోనే.

గమనించారా, ఇది తాత్కాలికంగా చేసిన ఏర్పాటు. మన భాషలో చెప్పాలంటే "ఈ రిలీజుకి ఈ ప్యాచ్ వేసేద్దాం, తర్వాత సరిగ్గా రాద్దాం" అన్న బాపతు. ఆ ప్యాచ్ 68 ఏళ్ళు ప్రొడక్షన్‌లో నడిచింది :) డిఫెండర్ అన్న పేరుతో దాని ఆఖరి బండి 2016 జనవరి 29న సాలిహల్‌లో లైను దిగేసరికి మొత్తం లెక్క 20 లక్షలు దాటింది.

అదే జీపు మన దగ్గరికీ వచ్చింది. మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. సైన్యంలో జీపుకి జతగా సరిపడా చిన్న ట్రెయిలరు కూడా ఉండేది. అంటే ఈ జాతి బళ్ళకి లాగడం అన్నది మధ్యలో నేర్చిన విద్య కాదు, పుట్టుకతో వచ్చింది.

తొలి ల్యాండ్ రోవర్‌ది 1.6 లీటర్ల పెట్రోలు ఇంజను. డీజిలు 1957లో వచ్చింది. రెండు లీటర్లు, బలం యాభై హార్స్‌పవర్ చిల్లర. ఈ లెక్క చూసి నవ్వకండి. వేగానికి హార్స్‌పవర్ కావాలి గానీ, బరువుని కదిలించడానికి కావలసింది టార్కు, అదీ ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే రావాలి. ఎత్తు మీద లోడుతో ఆగిన బండి మళ్ళీ కదలాలంటే పెట్రోలు ఇంజను గొంతు చించుకోవాలి, డీజిలు గొణుక్కుంటూ కదులుతుంది. రైతులు డీజిలుకి కట్టుబడింది అందుకే. చవక, మొండి, ట్రాక్టరుకి పోసేదే దీనికీ పోయొచ్చు.

ఊళ్ళోవాళ్ళు కట్టుబడలేదు. ఆ మోత, ఆ కంపు ఎవరు భరిస్తారు? 1970లో వచ్చిన రేంజ్ రోవర్ 3.5 లీటర్ల వీ8 పెట్రోలు బండి. దానికి డీజిలు కావాలంటే 1986 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ ఇటలీ వీఎం కంపెనీ ఇంజను. ఈలోపు 1980లలో మిత్సుబిషి పజేరో వగైరా జపాన్ బళ్ళు వచ్చి, పొలం బండినీ ఇంటి కారునీ కలిపి ఒకటే బండిగా అమ్మి చూపించాయి. దానికి జవాబే 1989 డిస్కవరీ. అందులో 200 టీడీఐ అనే 2.5 లీటర్ల టర్బో డీజిలు ఉండేది. హార్స్‌పవర్ 111 మాత్రమే. కానీ 1,800 ఆర్పీఎం దగ్గరే 265 న్యూటన్ మీటర్ల టార్కు. అంటే తొలి రేంజ్ రోవర్‌లోని అంత పెద్ద వీ8కి దీటుగా నాలుగు సిలిండర్లతో లాగేది, అదీ సగం నూనె తాగి. నా లెక్కలో బ్రిటన్ కారవాను జనానికి అసలు మలుపు అదే. గుర్రాన్ని లాగేవాడు, పడవని లాగేవాడు, కారవానువాడు అందరూ ఒకే బండి చుట్టూ మూగారు.

ప్రకటనల్లో "3,500 కిలోలు లాగుతుంది" అని గొప్పగా రాస్తారే, ఆ అంకె సంగతి కూడా తెలుసుకోవాలి. వేరువేరు కంపెనీలు, వేరువేరు ఇంజన్లు, అన్నీ సరిగ్గా 3,500 దగ్గరే ఎందుకు ఆగుతాయని నాకు అనుమానం వచ్చింది. ఇంజన్లో ఏమీ లేదు. ట్రెయిలరు ముందుకి తోసుకొచ్చినప్పుడు ఆ తోపుకే దాని బ్రేకులు పడే ఏర్పాటుని ఐరోపా నిబంధనలు 3,500 కిలోల వరకే ఒప్పుకుంటాయి. అది చట్టం గీసిన గీత. మన ఫీల్డ్ సైజు 255 దగ్గర ఆగినట్టు.

చట్టం గీసిన గీత ఇంకోటుంది. 1997 జనవరి 1కి ముందు ఇక్కడ కారు లైసెన్సు తీసుకున్నవాడికి పెద్ద ట్రెయిలరు లాగే హక్కు ఊరికే వచ్చేసింది. ఆ తర్వాతవాళ్ళకి 750 కిలోల ట్రెయిలరు, లేదా కారూ ట్రెయిలరూ కలిపి 3,500 కిలోలు, అంతే. దాటాలంటే ఇంకో పరీక్ష. నేను పాసైంది 2007లో. డిస్కవరీ లాంటి బండి బరువే రెండున్నర టన్నులు, గరిష్ఠ బరువు మూడు టన్నులు పైన. అంటే అది కొనుక్కుంటే వెనక కారవాను కట్టే హక్కే నాకు లేదు! కారవానువాళ్ళంతా రిటైరైనవాళ్ళే అని నేను వెక్కిరించింది సగం ఈ చట్టం పుణ్యమే. కుర్రవాళ్ళకి దారి మూసేశారు. 2021లో లారీ డ్రైవర్లకి కరువొచ్చింది. ట్రెయిలరు పరీక్షలు ఎత్తేస్తే ఆ ఎగ్జామినర్లు లారీ పరీక్షలు చేస్తారని లెక్కేసి, ఆ ఏడు డిసెంబర్ 16 నుంచి కారు లైసెన్సుంటే చాలు, 3,500 కిలోల దాకా లాక్కోండి అన్నారు. ఒక్క గంట శిక్షణ లేకుండా నేను ఎం5 ఎక్కింది ఆ ఏలుబడిలోనే. స్వేచ్ఛ మంచిదే, కాదనను. కానీ ఆ పది సెకన్లు గుర్తొచ్చినప్పుడల్లా ఆ పరీక్ష పెట్టినవాడు మరీ మూర్ఖుడు కాదేమో అనిపిస్తుంది.

ఇహ ఆ జనవరి, జూన్ చిక్కుముడి. 2001 మార్చి నుంచి బ్రిటన్‌లో కొత్త కార్ల రోడ్డు పన్ను కార్బన్ డయాక్సైడుని బట్టి వేయడం మొదలుపెట్టారు. అదే మైలుకి డీజిలు పెట్రోలుకన్నా తక్కువ కార్బన్ డయాక్సైడు వదులుతుంది. దాంతో జనం ఎగబడ్డారు. అప్పటికి అమ్మే కొత్త కార్లలో ఐదింట ఒకటి కూడా లేని డీజిలు, దశాబ్దం తిరిగేసరికి సగానికొచ్చింది. అయితే పెద్ద ఫోర్ బై ఫోర్లు డీజిలైనా ఎక్కువే వదులుతాయి. వాటికోసం 2006 బడ్జెట్‌లో గార్డన్ బ్రౌన్ పైన ఇంకో మెట్టు కట్టాడు. కిలోమీటరుకి 225 గ్రాములు దాటి, 2006 మార్చి 23న గానీ ఆ తర్వాత గానీ రిజిస్టరైతే ఆ మెట్టు వర్తిస్తుంది. ముందురోజు రిజిస్టరైన అదే బండికి వర్తించదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రెండిటి మధ్య తేడా పెరిగి పెరిగి ఇంచుమించు రెట్టింపుకి దగ్గరైంది. జూన్ బండి చవకగా ఉన్నది అందుకు. అమ్మేవాడు తగ్గించినది మనం ఏడాదికేడాది పన్నుగా కడతాం. సెకండ్‌హ్యాండ్ బండి ధరలో ఇలాంటి పాత బడ్జెట్లు ఎన్ని దాక్కుని ఉంటాయో!

మరి జనవరి బండి కొన్నానా? లేదు. కార్బన్ డయాక్సైడు మీదే దృష్టి పెట్టిన ప్రభుత్వం, డీజిలు పొగలోని నైట్రోజన్ ఆక్సైడుల్నీ మసినీ చాలాకాలం పక్కనపెట్టింది. 2015 సెప్టెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ పొగ పరీక్షల్లో సాఫ్ట్‌వేరుతో మోసం చేసిందని అమెరికాలో బయటపడింది. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి, అప్పుడు మాత్రం బుద్ధిగా నడిచే కోడు. ఆ కోడు రాసినవాడూ మనలాంటి ఇంజనీరే, రివ్యూ చేసినవాడూ మనలాంటివాడే. దీన్ని తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మేనేజరు చెప్పాడు, రిక్వైర్‌మెంట్‌లో ఉంది అనే మాట ఇక్కడ చెల్లదు. ఆ తర్వాత డీజిలు పేరెత్తితేనే దొంగని చూసినట్టు చూశారు. 2021 జూన్ నుంచి బర్మింగ్‌హామ్ నడిబొడ్డున యూరో 6 కాని డీజిలు కారుకి రోజుకి 8 పౌన్లు. నా ఆఫీసు ఆ వలయం లోపలే. 2006 బండి యూరో 6 కాదు. వారానికి మూడు రోజులు వెళ్ళినా 24 పౌన్లు, ఇంక కారవాను ఎందుకు, హోటల్లోనే దిగొచ్చు.

అన్నట్టు, ఈ ల్యాండ్ రోవర్‌ని 1994లో బీఎండబ్ల్యూ, 2000లో ఫోర్డ్ కొని, 2008 జూన్‌లో జాగ్వార్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకి టాటా మోటార్స్‌కి అమ్మారు. మన ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచే సుమోల కంపెనీ. మా వీధిలో సగం మంది జీతాలు ఇప్పుడు వాళ్ళ పుణ్యమే, మొదట్లో వెటకారం చేసిన మా పక్కింటాయనతో సహా.

మధ్యలో నాన్నకి ఫోన్లో ఈ బస్సు సంగతి చెప్పాను. రెండున్నర టన్నుల బండి కొంటున్నానని కూడా. ఆయన సాంతం విని, "వెనక బరువేశావా?" అన్నారు.

"బియ్యం బస్తా, నీళ్ళూ..."

"ఒరేయ్, ఎడ్లబండికి వెనక బరువేస్తే నొగ లేచి ఎడ్ల మెడలకి పలుపు బిగుసుకోదూ? మరీ ముందేస్తే కాడి మెడమీద దిగబడుద్ది. ఇరుసు మీదికి సర్దాలి, కాస్తంత ముందు మొగ్గుండేట్టు. నువ్వు ఎడ్లని మార్చుకుంటానంటావేంటి?"

ఇక్కడి కారవానువాళ్ళ లెక్క అచ్చం అదే. కారవాను మొత్తం బరువులో నూటికి 5 నుంచి 7 వంతులు ముందు కొక్కెం మీద పడాలి. ఇంకో లెక్క, కారవాను బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదు, కొత్తవాళ్ళయితే మరీను. మా కారు 1,350 కిలోలు, కారవాను సామానుతో 1,250. అంటే 93 శాతం. పైగా వెనక బియ్యం. బస్సుదేం తప్పు లేదు. అలాగని నాకు 3,500 కిలోలు లాగే ఏనుగూ అక్కర్లేదు, 1,500 కిలోలు దాటిన బండేదైనా చాలు.

కొన్నది 2016 మోడల్, రెండు లీటర్ల డీజిలు ఫోర్ బై ఫోర్, 1,700 కిలోలు, యూరో 6. దానికి ముందు చూసిన ఒకదాని కింద పడుకుని స్క్రూడ్రైవరుతో ఛాసిస్ మీద కొడితే ఖంగుమనాల్సింది మెత్తగా దిగింది. లేచి నమస్కారం పెట్టి వచ్చేశా. మీరు చూసేటప్పుడు కూడా బట్టలు మాసినా కిందకి దూరండి. నంబరు కొడితే ఎంఓటీ పరీక్షల చరిత్ర, తిరిగిన మైళ్ళు ప్రభుత్వ సైట్లో ఊరికే కనిపిస్తాయి. ఇంకోమాట, రోజూ రెండు మైళ్ళ ఆఫీసుకి మాత్రమే తిప్పేవాళ్ళు డీజిలు జోలికి పోకండి. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు వేడెక్కి ఆ మసిని కాల్చుకోవాలంటే దూరాలు తిరగాలి. ఈ ముక్కలేవీ అమ్మేవాళ్ళు చెప్పరు.

పోయిన వేసవిలో యాంగిల్సీ వెళ్ళాం. గాలి ఎక్కువుంటే కారవాన్లని బ్రిటానియా వంతెన ఎక్కనివ్వరు, అంచేత బయల్దేరేముందు మా ఆవిడ మూడుసార్లు వాతావరణం చూసింది. బియ్యం బస్తా ఇరుసు మీద పెట్టాం. ముందు కొక్కెం కింద ఓ కర్రముక్క నిలబెట్టి, బాత్‌రూమ్‌లో ఒళ్ళు చూసుకునే త్రాసు మీద తూచాను. 78 కిలోలు. మారిస్ విల్క్స్ తన బండి బొమ్మని ఇసుకలో గీశాడంటారే, ఆ రెడ్ వార్ఫ్ బే ఒడ్డున సాయంత్రం పిల్లలు కూడా ఏదో గీశారు. వెళ్ళి చూస్తే ఐస్‌క్రీమ్ బండి.