అట్ట లోపలి పేరు

“అట్ట కూడా లేదు మేస్టారూ, దీన్నేటి సేసుకుంటారు?” అన్నాడు మా వీధిలోకి వచ్చే పాతపేపర్ల కుర్రాడు. కాటాలో పెట్టిన కట్టలోంచి నేను పక్కకు లాగిన పుస్తకం చూసి అడిగాడు. ముందట్ట నిజంగానే లేదు. వెనకట్ట లోపల మాత్రం అరచేతిలో సగమంత చీటీ అతికి ఉంది. చుట్టూ అచ్చు పువ్వుల అంచు, పైన ‘బహుమతి’ అన్న మాట, కింద పాళీ కలంతో రాసిన ఒక విద్యార్థి పేరు, తరగతి. దాని కింద వేరే చేతిరాతలో ఇంకో పేరు. ఆ రెండింటి మీదా వంకరగా పడిన ఊదారంగు ముద్ర, ఒక ఊరి గ్రంథాలయానిది. కిలో ధర ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

బడిలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాకా నేను వెతుక్కుంటున్నవి ఇవే. మా చీడికాడలో, చుట్టుపక్కల మాడుగులలో, చోడవరంలో ఎవరింట్లో అటక దులిపినా నాకు కబురొస్తుంది. పుస్తకం ఎవరిదో చెప్పే ఇలాంటి చీటీలను బుక్‌ప్లేట్లంటారు. లాటిన్‌లో ‘ఎక్స్ లిబ్రిస్’, అంటే ‘ఫలానావారి పుస్తకాల్లోది’ అని.

ఇప్పటికి దొరికిన అతి పాత బుక్‌ప్లేట్లలో ఒకటి జర్మనీది. 1480 ప్రాంతంలో హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ అనే ఆయన బుక్స్‌హైం మఠానికి పుస్తకాలు దానమిచ్చాడు. వాటిలో చెక్కముద్రతో వేసి, చేత్తో రంగులద్దిన బొమ్మ అతికించారు. దేవదూత ఒక డాలు పట్టుకుని ఉంటుంది, డాలు మీద ఎద్దు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తన మిత్రుడు పిర్క్‌హైమర్‌కి ఒక బుక్‌ప్లేటు చేసిచ్చాడు. దాని మీద ఈ పుస్తకం ‘తనకూ, తన మిత్రులకూ’ అని రాసి ఉంది. ఒకటి దానం గుర్తు, రెండోది పంచుకునే మాట. బుక్‌ప్లేటంటే సొంతదారు దర్పమే అనుకునేవాళ్లు ఈ రెండూ చూడాలి.

మన దగ్గర అచ్చు రాకముందు ఆ పని తాటాకు చివర జరిగేది. గ్రంథం రాయడం పూర్తయ్యాక లేఖకుడు సంవత్సరం, మాసం, తిథి, తన పేరు, ఎవరి కోసం రాశాడో ఆ పేరూ చెక్కేవాడు. నూనె నుంచి, నీటి నుంచి, కట్టు సడలడం నుంచి కాపాడమనీ, విలువ తెలియనివాడి చేతిలో పెట్టొద్దనీ పుస్తకమే వేడుకుంటున్నట్టు రాసేవాళ్లూ ఉన్నారు. తన పేరు కన్నా పుస్తకం బతకడం ముఖ్యమని తెలిసినవాళ్లు వాళ్లు.

అచ్చుపుస్తకాల కాలంలో మన ఊళ్లకు అసలైన బుక్‌ప్లేటు గ్రంథాలయ ముద్రే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయ ఉద్యమాన్ని నిలబెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పుస్తకాల పడవే నడిచింది. చందాలు పోగుచేసి పుస్తకాలు కొన్నవాళ్లకు బొమ్మల చీటీలు చెక్కించే స్తోమత ఎక్కడిది? ఒక రబ్బరు స్టాంపు, ఒక ఊదా సిరా పెట్టె చాలు.

ఆ స్టాంపును దగ్గరగా చూడండి. అచ్చు అక్షరాలు పేర్చి, వాటి నుంచి మూస తీసి, మూసలో రబ్బరును వేడితో నొక్కి చేసేవారు. తెలుగుకు ఒత్తులు, క్రావళ్లు సన్నగా బయటికి పొడుచుకొస్తాయి. అరిగేది ముందు అవే. పాత ముద్రల్లో ‘గ్రంథాలయము’ కాస్తా ‘గంథాలయము’గా మిగిలిందంటే, ఆ స్టాంపు ఎన్ని వందల పుస్తకాల మీద పడిందో ఊహించుకోవచ్చు.

ముద్ర వయసు, పుస్తకం వయసు చెప్పేవి ఇంకా ఉన్నాయి. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. పుస్తకం ధర అణాల్లో ఉంటే 1957లో నయాపైసలు రాకముందు అచ్చయింది. ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే ఇంకాస్త ఆలోచించాలి. 1950లో శ్రీకాకుళం ఆ జిల్లా నుంచి విడిపోయింది. 1979లో విజయనగరం వేరు జిల్లా అయింది. 2022లో మా చీడికాడ అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా పుస్తకంలో పాత ముద్ర అలాగే ఉంది.

మొదట్లో నేనూ చీటీలు ఊడదీసి ఆల్బంలో పెట్టుకుందామనుకున్నాను. ఒకదాన్ని పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టాను. మైదా లై కరిగి చీటీ తేలింది. దాంతోపాటే ఊదా సిరా కూడా వదిలి, చూస్తుండగానే ముద్రలో ఊరి పేరు నీళ్లలో కలిసిపోయింది. అంతకుముందు దాన్ని రాసుకోనైనా లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆనాటి నుంచి చీటీని పుస్తకం నుంచి విడదీయను. ఉన్నచోటే ఫొటో తీసి, కొలతలు, రాతలు నోటుబుక్కులో ఎక్కిస్తాను. పుస్తకం లేని చీటీ, ఊరు లేని పేరులాంటిది.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వెళ్తాయి. అంటే జిల్లా గ్రంథాలయ సంస్థ ముద్ర పడిన ప్రతి పుస్తకంలోనూ మనందరి పేరూ ఉన్నట్టే.

కాటాలోంచి తెచ్చిన ఆ పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఒక పిల్లవాడు బహుమతిగా అందుకున్నాడు, ఇంకొకరికి ఇచ్చాడు, చివరికి అది ఊరిదైంది. తనకూ, మిత్రులకూ, ఊరికీ. మీ అటక మీది పుస్తకాలు తూకానికి వేసేముందు ఒక్కసారి అట్ట లోపల చూడండి. ఆ కాగితం చింపకండి. ఎవరికైనా పుస్తకం ఇస్తే మీ పేరు, ఊరు, సంవత్సరం రాసి ఇవ్వండి. కింద ఇంకో పేరుకు చోటు వదలండి.